బ్రిటిష్ పీరియడ్ డ్రామాలు ఎలా చూడాలి, ఎక్కడ మొదలెట్టాలి (వైజాగ్‌లో ఉన్నవాళ్ళ కోసం)

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మన ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, లాసన్స్ బే వైపు బోలెడు. ఆ పిల్లలేమో ఫోన్ చేసినప్పుడల్లా డౌన్‌టన్ ఆబీ చూడమ్మా, ది క్రౌన్ చూడండి నాన్నా అంటారు, ఇక్కడ వీళ్ళు మొదటి ఎపిసోడ్ పెట్టి అరగంట చూసి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీక, అందరూ టీ తాగుతూ గుసగుసలాడుతున్నారేంటి అనుకుని ఆపేస్తారు. అలా ఆపేసిన వాళ్ళందరికీ ఒక మాట చెప్పాలని ఈ పోస్ట్. ఈ కథలు అర్థం కావడానికి కావాల్సిన జ్ఞానం అమెరికా వాళ్ళకంటే మన ఇళ్ళలోనే ఎక్కువ ఉంది, నిజంగా చెప్తున్నా, కాకపోతే ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఎక్కడ చూడాలంటే, ఏ బ్రిటిష్ పీరియడ్ డ్రామా (అంటే పాతకాలం కథతో తీసిన సీరియల్) మొదలెట్టినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ ఇంటి ఆస్తి ఎవరికి పోతుంది? బట్టలు, డాన్సులు, గుర్రబ్బళ్ళు, ప్రేమలు అన్నీ తర్వాత. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా కథ దానంతట అదే విడిపోద్ది.

డౌన్‌టన్ ఆబీనే తీసుకోండి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన వార్త ఇంటికి రావడంతో కథ మొదలవుద్ది. గ్రాంథమ్ ప్రభువుకి ముగ్గురూ ఆడపిల్లలే, మగపిల్లాడు లేడు, కాబట్టి ఒక దాయాదిని వారసుడిగా అనుకున్నారు, ఆయన, ఆయన కొడుకు ఇద్దరూ ఆ ఓడలో పోయారు. ఆ కొడుక్కే పెద్దమ్మాయి మేరీని ఇచ్చి చేద్దామని లోపల్లోపల అనుకున్నారు కూడా. ఇప్పుడు చట్టం ప్రకారం ఆ బంగ్లా, ఆ భూములు, బిరుదు అన్నీ ఎక్కడో మాంచెస్టర్‌లో లాయరుగా ఉద్యోగం చేసుకునే దూరపు దాయాది మాథ్యూకి పోతాయి. ఇంకో మెలిక ఏంటంటే ఇంటావిడ కోరా అమెరికా అమ్మాయి, ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన డబ్బు మొత్తం ఆ ఎస్టేట్‌లో కలిపేశారు, అంటే తల్లి తెచ్చిన కట్నం కూడా కన్నకూతుళ్ళకి రాదు, ముక్కూమొహం తెలీని కుర్రాడికి పోద్ది. ఇది మా పెద్దమ్మ వయసు వాళ్ళకి ఒక్కసారి చెప్తే చాలు, ఇంక సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు వాళ్ళకి, ఎందుకంటే దాయాది అనే మాట వెనకాల ఎంత కథ ఉంటుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. మన దగ్గర ఆడపిల్లకి తాతల ఆస్తిలో మగపిల్లాడితో సమానంగా హక్కు వచ్చింది 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టంతో, దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది. అంటే ఆ చట్టం రాకముందే పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు, అమ్మమ్మలు, మేనత్తలు. లేడీ మేరీ కోపం వాళ్ళకి పరాయి కోపం కాదు.

ఇంగ్లీష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ నవల మీద 1995లో బీబీసీ తీసిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ కూడా అంతే, ఐదుగురు ఆడపిల్లలు, తండ్రి పోయిన మర్నాడు ఇల్లు ఖాళీ చేయించే హక్కు కాలిన్స్ అనే బంధువుకి ఉంటుంది. అది మనసులో పెట్టుకుని చూస్తే వాళ్ళ తల్లి మిసెస్ బెన్నెట్ గోల నవ్వులాటగా అనిపించదు. పిల్లల పెళ్ళిళ్ళు అంటూ ఆవిడ పెట్టే కేకలు చూసి అందరూ నవ్వుతారు గానీ, ఆ ఇంట్లో రేపటి గురించి నిజంగా భయపడుతున్నది ఆవిడ ఒక్కతే. హీరోయిన్ స్నేహితురాలు, 27 ఏళ్ళ షార్లెట్ ఏ సంబంధం ఎందుకు ఒప్పుకుంటుందో ఆ ఎపిసోడ్‌లో ఆమె మొహం జాగ్రత్తగా చూడండి, ఆ సిరీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే, అందరూ చెప్పుకునే హీరో డార్సీ చెరువు సీను కంటే కూడా (ఆ చెరువు సీను అసలు నవల్లో లేదు, టీవీ కోసం పెట్టింది).

ఆస్తి తర్వాత రెండోది వరసలు. ఇక్కడ మన వాళ్ళు కచ్చితంగా గొడవ పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి, ఆ గొడవలోనే కథ లోపలికి వెళ్ళిపోతారు. మేరీ, మాథ్యూ ఇద్దరి ఇంటిపేరూ క్రాలీ, మగవాళ్ళ వైపు నుంచే చుట్టరికం, మన లెక్కలో పక్కా అన్నాచెల్లెళ్ళ వరస. వాళ్ళిద్దరి మధ్య ఏదో మొదలవుతోందని తెలీగానే మన అత్తయ్యలు "ఒకే ఇంటిపేరు కదే, ఎలా కుదురుద్దే" అంటారు. అక్కడ ఇంగ్లీష్ వాళ్ళకి ఆ అడ్డే లేదు, పైగా ఆ పెళ్ళి జరిగితే ఆస్తి ఇంట్లోనే ఉంటుందని ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నారు. జేన్ ఆస్టెన్ మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో ఫానీ, ఎడ్మండ్ సొంత అక్కచెల్లెళ్ళ పిల్లలు, మనకి అది ఊహకి కూడా రాదు. అదే విక్టోరియా సిరీస్ పెట్టండి, 2016లో వచ్చింది, ఆల్బర్ట్ స్వయానా రాణి మేనమామ కొడుకు, అంటే శుభ్రమైన మేనరికం, అప్పుడు మాత్రం మన వాళ్ళు హాయిగా కూర్చుని చూస్తారు. అమెరికాలో ఇప్పటి జనానికి ఈ మూడూ ఒకలాగే ఇబ్బందిగా ఉంటాయి, వాళ్ళకి కజిన్ అంటే కజినే. ఏ వరస కుదురుతుంది, ఏది కుదరదు అని ఇంత గట్టిగా పట్టించుకుంటూ చూసే ప్రేక్షకులు ఆ సీరియళ్ళకి మనలాంటి వాళ్ళే దొరుకుతారు.

ఇప్పుడు అమెరికా సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఇవి ఎలా నిలబడ్డాయో తెలిస్తే ఇంట్లో మనం ఎలా చూడాలో కూడా తెలుస్తుంది. 1967లో బీబీసీ వాళ్ళు ది ఫోర్‌సైట్ సాగా అని 26 ఎపిసోడ్ల సీరియల్ తీశారు, బ్లాక్ అండ్ వైట్, ఒక డబ్బున్న కుటుంబం మూడు తరాల కథ. అది 1969లో అమెరికా పబ్లిక్ టీవీలో (యాడ్‌ల మీద కాకుండా చందాలు, విరాళాల మీద నడిచేది) వేస్తే జనం విరగబడి చూశారు. దాంతో బోస్టన్‌లో ఉన్న డబ్ల్యూజీబీహెచ్ అనే పబ్లిక్ స్టేషన్ వాళ్ళకి ఆలోచన వచ్చింది, ఇలాంటివి వారం వారం వేస్తే ఎలా ఉంటుంది అని. మొబిల్ ఆయిల్ కంపెనీ డబ్బులిచ్చింది, 1971 జనవరి 10న మాస్టర్‌పీస్ థియేటర్ మొదలైంది. ఆ ఆయిల్ కంపెనీ డబ్బు 2004 దాకా నడిచింది, ప్రోగ్రామ్ ఇప్పటికీ నడుస్తోంది, 2008 నుంచి పేరు ఒట్టి మాస్టర్‌పీస్ అయింది. పబ్లిక్ టీవీకి సొంతంగా ఇంత ఖరీదైన డ్రామాలు తీసే డబ్బు లేదు, బ్రిటన్‌లో తీసినవి కొనుక్కోవడం చాలా చవక, తర్వాత తర్వాత కొనడమే కాకుండా తీసేటప్పుడే వాటా పెట్టడం మొదలెట్టారు. అసలు కారణాల్లో ఇదొక పెద్ద కారణం, కానీ చవకగా దొరికినంత మాత్రాన యాభై ఏళ్ళు ఎవరూ చూడరు కదా.

ఆ ప్రోగ్రామ్‌లో ఒక పద్ధతి ఉండేది, మనం పట్టుకోవాల్సింది అది. అలిస్టర్ కుక్ అని ఒకాయన, ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా పౌరుడైన జర్నలిస్టు, ప్రతి ఎపిసోడ్ ముందూ ఒక కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడేవాడు, ఆ కాలంలో ఏం జరిగింది, ఈ మనిషి ఎవరు, పోయిన వారం ఎక్కడ ఆగాం అని. 1971 నుంచి 1992 దాకా ఆయనే. హరికథలో దాసుగారు మధ్యలో పాట ఆపి సందర్భం చెప్తే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా కథ ఎలా పట్టు దొరుకుతుందో, ఆయన రెండు నిమిషాలూ అలా పనిచేసేవి. ఇప్పుడు ఓటీటీలో ఆ రెండు నిమిషాలు లేవు, స్కిప్ ఇంట్రో మాత్రం ఉంది. అందుకని మీ ఇంట్లో ఒకరు ఆ పని తీసుకోండి. ముందు రోజు ఎపిసోడ్ సారాంశం చదువుకుని, ప్లే నొక్కే ముందు తెలుగులో రెండు ముక్కలు చెప్పాలి, అంతే. ఇంటర్ చదివే పిల్లలకి ఈ పని అప్పజెప్తే ఇంకా మంచిది, తాతయ్యలకి చెప్పడం కోసమైనా చదువుతారు.

ఆ రెండు ముక్కల్లో మన ఊరి సంవత్సరాలు కూడా కలపండి. ఇది నేను గట్టిగా చెప్పే చిట్కా. డౌన్‌టన్ కథ 1912 నుంచి 1926 మొదలయ్యేదాకా నడుస్తుంది, ఆ సంవత్సరాల్లో ఇక్కడ ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన పెట్టుకోండి. నాలుగో సీజన్ 1922లో మొదలవుతుంది, ఆ ఇంట్లో ఎస్టేట్ మీద పడ్డ పన్ను ఎలా కట్టాలా అని తర్జనభర్జన పడుతుంటారు, సరిగ్గా అదే ఏడాది ఆగస్టు 22న మన ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడు. ఐదో సీజన్ 1924, బ్రిటన్‌లో మొదటిసారి లేబర్ పార్టీ ప్రభుత్వం వచ్చిందని భోజనాల బల్ల దగ్గర పెద్ద చర్చ, ఆ ఏడాది మే 7నే సీతారామరాజుని కాల్చేశారు. కథ ఆగిపోయే 1926లో మన ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది. ఇలా పక్కపక్కన పెట్టుకుంటే ఆ బంగ్లా ఎక్కడో గాల్లో ఉన్నట్టు అనిపించదు, మనల్ని ఏలిన దేశంలోని ఇల్లు అని గుర్తుంటుంది. ఆ కథలో ఒక బంధువు బొంబాయి గవర్నరుగా వెళ్తాడు, మాటల్లో వచ్చి పోద్ది, పిల్లల్తో చూస్తుంటే అక్కడ పాజ్ కొట్టి గవర్నర్ అంటే ఏంటో చెప్పండి. ఆ వైభవానికి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో ఈ డ్రామాలు చాలామటుకు చూపించవు, అది వాటి లోపమే. అందం అందమే, ఆ లోపం లోపమే, రెండూ కలిపి చూడగలిగిన వాళ్ళం మనం.

మరి అమెరికా వాళ్ళు ఎందుకు వదలట్లేదు అంటే నాకు అనిపించేది చెప్తా. వాళ్ళ రాజ్యాంగంలోనే ప్రభుత్వం ఎవరికీ ప్రభువు బిరుదులు ఇవ్వకూడదని రాసుకున్నారు. వాళ్ళకి లేనిదాన్ని దూరం నుంచి చూడటంలో ఒక సుఖం ఉంది, ఆ నిక్కూ నీలుగూ చూడొచ్చు, దానికింద నలగక్కర్లేదు. పైగా ఈ కథల్లో వాళ్ళు కూడా ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో రైళ్ళ మీద, వ్యాపారాల మీద కోట్లు చేసుకున్న కుటుంబాలు కూతుళ్ళని ఇంగ్లండ్ ప్రభువులకి ఇచ్చి చేశాయి. 1895లో వాండర్‌బిల్ట్ ఇంటి అమ్మాయి కాన్స్యూలోని మార్ల్‌బరో డ్యూక్‌కి ఇచ్చారు, చర్చిల్ తల్లి జెనీ జెరోమ్ కూడా అమెరికా ఆవిడే. వాళ్ళకి బిరుదు కావాలి, వీళ్ళకి ఇంటి పైకప్పు బాగుచేయించుకోడానికి డబ్బు కావాలి. డౌన్‌టన్‌లో కోరా అచ్చం ఆ బాపతు కోడలే.

కానీ ఇవన్నీ ఒక ఎత్తు, అసలు కారణం కథ కట్టే తీరు అని నా నమ్మకం. ఈ కాలం కథలో ఇద్దరికి ఒకరంటే ఒకరు ఇష్టమైతే చెప్పుకుంటారు, కుదరకపోతే వేరే ఊరు పోతారు. అక్కడ అలా కాదు. గదిలో పదిమంది పెద్దవాళ్ళుంటారు, నౌకరు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు, చెప్పాల్సింది వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు చెప్పాలి, అవతలివాళ్ళకి అర్థం కావాలి, మిగతావాళ్ళకి కాకూడదు. అంత ఒత్తిడి ఉన్నప్పుడు గ్లౌజు తీయడం కూడా ఒక సంఘటన అయిపోద్ది. అలాంటి ఒత్తిడి అమెరికా టీవీలో దొరకడం కష్టం, అందుకే వాళ్ళు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నారు. 2014 జనవరిలో డౌన్‌టన్ నాలుగో సీజన్ మొదలైన రాత్రి పబ్లిక్ టీవీలో కోటి మందికి పైగా చూశారు, యాడ్‌లు కూడా లేని ఛానల్లో అది మామూలు విషయం కాదు. శాండిటన్ అయితే ఇంకా వింత, జేన్ ఆస్టెన్ 1817లో చనిపోయేటప్పటికి పూర్తి చెయ్యని నవల, దాన్ని 2019లో బ్రిటన్‌లో ఐటీవీ వాళ్ళు సీరియల్‌గా వేసి, ఒక్క సీజన్‌తో వదిలేశారు, కథేమో మధ్యలో వేలాడిపోయింది, అమెరికాలో అభిమానులు పట్టుబట్టారు, మాస్టర్‌పీస్ వాళ్ళు పూనుకుంటే 2022లో, 2023లో ఇంకో రెండు సీజన్లు వచ్చాయి. ఇంగ్లండ్ కథని అమెరికా ప్రేక్షకులు బతికించారన్నమాట.

సరే, ఎక్కడ మొదలెట్టాలి. అందరికీ ఒకటే సలహా పనికిరాదు.

ఇంట్లో అమ్మానాన్నలతో, అత్తమామలతో కలిసి చూడాలంటే డౌన్‌టన్ ఆబీ. మొత్తం 52 ఎపిసోడ్లు, ఆరు సీజన్లు, పైవాళ్ళ కథ ఎంతో కింద వంటింటి కథ అంతే, మాగీ స్మిత్ పెద్ద నాయనమ్మగా వేసింది, ఆవిడ ఒక్క కనుబొమ్మ ఎత్తితే మన ఇంట్లో ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఆవిడ 2024 సెప్టెంబర్‌లో చనిపోయింది, ఆ పాత్ర మాత్రం ఇంకో వందేళ్ళు ఉంటుంది. మూడో సీజన్ గురించి ముందే ఇంటర్నెట్‌లో ఏమీ వెతక్కండి దయచేసి. నాలుగో సీజన్ మొదట్లో ఆనా అనే పనమ్మాయి మీద దాడి జరిగే ఎపిసోడ్ ఉంది, చాలా బాధగా ఉంటుంది, చిన్నపిల్లలుంటే వాళ్ళు పడుకున్నాక చూడండి.

ఒంటరిగా, ఒక వారాంతంలో అయిపోవాలి అనుకుంటే 1995 నాటి బీబీసీ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్, ఆరే ఎపిసోడ్లు. జెనిఫర్ ఈలీ, కాలిన్ ఫర్త్ నటించారు. దీని తర్వాత వచ్చినవి ఏవి చూసినా ఇదే కొలబద్ద అయి కూర్చుంటుంది.

బ్రిడ్జర్‌టన్ చూసి ఇటు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు. మంచిదే. 2022లో వచ్చిన రెండో సీజన్‌లో శర్మ అక్కచెల్లెళ్ళు ఇండియా నుంచి లండన్ వస్తారు, అప్పా అంటారు, పెళ్ళికి ముందు పసుపు రాసుకుంటారు, అది చూసి నాకు ముచ్చటేసింది. కానీ అది చరిత్ర కాదు, ఒక అమెరికా రచయిత్రి నవలల్ని అమెరికా నిర్మాతలు తీసిన కల, అలా అనుకునే చూడాలి. మొదటి సీజన్ మాత్రం పెద్దవాళ్ళ ముందు పెట్టకండి, పడగ్గది సీన్లు చాలా ఉన్నాయి, అందరూ రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. దాని తర్వాత శాండిటన్, ఆ తర్వాత ప్రైడ్ అండ్ ప్రెజుడిస్, ఈ వరసలో వెళ్తే ఒక్కో మెట్టూ అసలు కాలానికి దగ్గరవుతారు.

రాజకీయాలు, వార్తలు ఇష్టపడే నాన్నలకి ది క్రౌన్, రెండో ఎలిజబెత్ రాణి కథ. 2016 నుంచి 2023 దాకా, ఆరు సీజన్లు, 60 ఎపిసోడ్లు. మొదటి రెండు సీజన్లు, క్లెయిర్ ఫోయ్ రాణిగా చేసినవి, నా లెక్కలో అన్నిటికంటే గట్టివి. చాలా సంభాషణలు ఊహించి రాసినవే, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకి చెప్పి కూర్చోబెట్టండి, లేకపోతే రాణీ గారు నిజంగా అలా అన్నారంట అని వాకింగ్‌లో చెప్పేస్తారు.

పాతవాటిల్లో అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్ తప్పక చూడాలి గానీ మొదట కాదు. 1971 నుంచి 1975 దాకా 68 ఎపిసోడ్లు, లండన్‌లో 165 ఈటన్ ప్లేస్ అనే ఇల్లు, పైన బెల్లమీ కుటుంబం, కింద నౌకర్లు. స్టూడియోలో సెట్లు వేసి తీశారు, మొదట్లో కొన్ని ఎపిసోడ్లు బ్లాక్ అండ్ వైట్, కెమెరా పెద్దగా కదలదు, ఇప్పటి కంటికి నాటకంలా ఉంటుంది. అయినా పనివాళ్ళకి ఇంత గౌరవం ఇచ్చి, ఇంత సమయం ఇచ్చి తీసినది ఇంకోటి నేను చూడలేదు. డౌన్‌టన్ పూర్తయ్యాక చూస్తే ఆ ఇల్లు ఎక్కడి నుంచి పుట్టిందో తెలుస్తుంది.

చూసేటప్పుడు పట్టుకోవాల్సిన చిన్న చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. పేర్లు ముందు గందరగోళం చేస్తాయి. గ్రాంథమ్ అనేది బిరుదు, క్రాలీ ఇంటిపేరు, ఒకే మనిషికి రెండూ ఉంటాయి. భార్య లేడీ గ్రాంథమ్, కానీ కూతురు లేడీ మేరీ, సొంత పేరుతో, ఎందుకంటే ఆమె ఎర్ల్ కూతురు. డవేజర్ అంటే చనిపోయిన పాత ప్రభువు భార్య, అంటే అత్తగారు. బిరుదుల వరస పైనుంచి కిందకి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్, ఇది ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే సంబంధాల బేరాలన్నీ అర్థమవుతాయి, ఎర్ల్ కూతురు లాయర్ని చేసుకుంటే ఎందుకు మొహాలు ముడుచుకుంటున్నారో కూడా. కింద కూడా వరస ఉంది, బట్లర్, హౌస్‌కీపర్ పెద్దవాళ్ళు, తర్వాత అయ్యగారి బట్టలు చూసే వాలే, అమ్మగారి సొంత పనిమనిషి, ఆ తర్వాత వడ్డించే ఫుట్‌మెన్, అందరికంటే కింద వంటింట్లో గిన్నెలు తోమే పిల్ల. హౌస్‌కీపర్‌కీ వంటావిడకీ పెళ్ళి కాకపోయినా మిసెస్ అని పిలుస్తారు, అది మర్యాద, మొగుడెక్కడ అని వెతక్కండి.

మొహాలతో పాటు చేతులు, తలుపులు చూడండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు ఎవరికోసం తలుపు తీశారు, ఎవరు తమంతట తాము తీసుకున్నారు. మాథ్యూ కొత్తగా వచ్చినప్పుడు తన బట్టలు తానే వేసుకుంటానని నౌకర్ని వద్దంటాడు, ఆ నౌకరు మొహం చూడండి, అక్కడ ఉద్యోగం అనే మాటకి అర్థం మారిపోతుంది. ఇలాంటివి ఫోన్‌లో కనపడవు, వెనకాల నిలబడ్డ మనిషి మొహంలోనే సగం కథ ఉంటుంది, కాబట్టి టీవీలోనే చూడండి, కుదిరితే లైట్లు తగ్గించి. తెలుగు ఆడియో ఉందేమో సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి గానీ నా మాట వింటే ఇంగ్లీషులోనే వినండి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఎందుకంటే పైన మాట్లాడే ఇంగ్లీషుకీ కింద వంటింట్లో యార్క్‌షైర్ యాసకీ ఉన్న తేడా డబ్బింగ్‌లో మొత్తం పోద్ది. మన శ్రీకాకుళం యాసని తీసేసి పుస్తకాల భాషలో మాట్లాడిస్తే మనకెంత వెలితిగా ఉంటుంది, అది అంతే.

ఇంట్లో అందరూ కలిసి చూసేటప్పుడు రోజుకి ఒక్క ఎపిసోడ్ కంటే ఎక్కువ వద్దు. ఇవి చాలామటుకు వారానికి ఒకటి చూడటానికి రాసినవి, మధ్యలో వారం రోజులు ఇంట్లో వాళ్ళు కొట్టుకోవాలి, మేరీది తప్పా కాదా అని. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి వచ్చి టిఫిన్ చేసి కూర్చుంటే సరిగ్గా సరిపోద్ది. అమెరికాలో పిల్లలు కూడా అదే ఎపిసోడ్ చూసేలా మాట్లాడుకుంటే వాళ్ళ శనివారం రాత్రి మన ఆదివారం ఉదయం, ఫోన్‌లో వేరే మాట లేకుండా దీని గురించే అరగంట మాట్లాడొచ్చు, ఎప్పుడూ "తిన్నావా, చలిగా ఉందా" దగ్గర ఆగిపోయే ఫోన్లకి ఇది చాలా మేలు చేస్తుంది.

ఆరు నెలలకని పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. అక్కడ పగలంతా ఇంట్లో ఒక్కళ్ళే కూర్చోవాల్సి వస్తుంది కదా. పీబీఎస్ పబ్లిక్ ఛానల్, యాంటెన్నా ఉంటే ఫ్రీగా వస్తుంది, మాస్టర్‌పీస్ ఇప్పటికీ దాంట్లోనే. వాళ్ళకి చిన్న చందా కడితే పాస్‌పోర్ట్ అని ఒక సదుపాయం ఇస్తారు, పాతవి చాలా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. బ్రిట్‌బాక్స్, ఏకార్న్ అని ఎక్కువగా బ్రిటిష్ సీరియళ్ళే ఉండే యాప్‌లు ఉన్నాయి. ఇవేవీ వద్దనుకుంటే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి, పిల్లల కార్డు మీద డీవీడీలు డబ్బు లేకుండా ఇస్తారు, అక్కడుండే లైబ్రేరియన్‌ని ఒక పీరియడ్ డ్రామా చెప్పండి అని అడిగితే ఎంత సంతోషంగా చెప్తారో. ఇక్కడ వైజాగ్‌లో ఉంటే ది క్రౌన్, బ్రిడ్జర్‌టన్ నెట్‌ఫ్లిక్స్‌వే కాబట్టి దాంట్లో ఉంటాయి, మిగతావి ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారుతుంటాయి, పేరు కొట్టి చూసుకోవడమే. నవలలు చదవాలనిపిస్తే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఆస్టెన్ గురించి అడిగి చూడండి.

ఇంకొకటి, ఇది వరసలో ఎక్కడ పెట్టాలా అని చాలా ఆలోచించాను. ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్. 1984, గ్రనడా అనే బ్రిటిష్ టీవీ కంపెనీ వాళ్ళు తీసిన 14 ఎపిసోడ్లు, పాల్ స్కాట్ నాలుగు నవలల ఆధారంగా, 1942 క్విట్ ఇండియా రోజుల నుంచి 1947 దాకా. ఉదయపూర్, మైసూరు, సిమ్లాల్లో తీశారు. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికాలో వేశారు. ఇంగ్లండ్‌లో పెరిగి ఇంగ్లీషువాడిలాగే మాట్లాడే హరి కుమార్ అనే కుర్రాడు, అతన్ని ఇష్టపడిన ఇంగ్లీష్ అమ్మాయి, అతన్ని చూస్తేనే పడని పోలీస్ అధికారి మెరిక్. మొదట్లోనే ఒక అత్యాచారం, జైల్లో హింస ఉన్నాయి, పిల్లలకి వద్దు. డౌన్‌టన్ మూడు సీజన్లు అయ్యాక మధ్యలో ఆపి ఇది చూడమంటాను నేను. పైవాళ్ళు కిందవాళ్ళు అనే గీత అక్కడ ఇంటి మెట్ల దగ్గర ఉంటే ఇక్కడ చర్మం దగ్గర ఉంటుంది, అదే మనుషులు అదే మర్యాద మాటలతో ఇక్కడ ఏం చేశారో కనపడుతుంది, ఆ తర్వాత మళ్ళీ డౌన్‌టన్ నాలుగో సీజన్‌కి వెళ్తే ఆ భోజనాల బల్ల మీద మాటలు వేరేగా వినపడతాయి. ఇండియా మీద బ్రిటిష్ వాళ్ళు ఇంకా తీశారు, 1932 నాటి సిమ్లా కథతో ఇండియన్ సమ్మర్స్, 1795 నాటి ఢిల్లీ కథతో బీచమ్ హౌస్, రెండూ అమెరికాలో మాస్టర్‌పీస్‌లో వచ్చాయి, కానీ దీని దరిదాపుల్లోకి రావు.

అన్నీ అయ్యాక ది గిల్డెడ్ ఏజ్ పెట్టుకోండి, డౌన్‌టన్ రాసిన జూలియన్ ఫెలోసే 2022 నుంచి హెచ్‌బీఓ అనే అమెరికా ఛానల్‌కి రాస్తున్నాడు, 1880ల న్యూయార్క్. అక్కడ బిరుదుల్లేవు, పాత డబ్బు కొత్త డబ్బు మాత్రమే ఉన్నాయి, కొత్తగా డబ్బు చేసిన ఆవిణ్ణి పాత కుటుంబాలు గడప తొక్కనివ్వవు. కోరా లాంటి అమ్మాయిలు ఏ ఇళ్ళ నుంచి వచ్చారో దాంట్లో తెలుస్తుంది, అందుకే డౌన్‌టన్ కంటే ముందు చూడొద్దంటున్నా, తర్వాత చూస్తేనే ఆ తల్లులు కూతుళ్ళని ఓడ ఎక్కించి ఇంగ్లండ్ ఎందుకు పంపారో లెక్క తేలుతుంది.